ప్రశ్న లేకపోతే కూర పేరు రాయండి

మా పదో తరగతి వాట్సాప్ గ్రూపును నేను మ్యూట్‌లో పెట్టి ఏడాది దాటింది. పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ పువ్వులు, పొద్దుగూకితే ఎవరిదో కొత్త ట్రాక్టర్‌కు నిమ్మకాయల దండ. పనికొచ్చే ముక్క ఒక్కటి ఉండదు. మొన్న బుధవారం ఇంటర్వెల్లో టీ తాగుతూ ఊరికే తెరిచాను. "రేపు డబ్బా మేడమ్ దశదినకర్మ. సూర్యాపేటలో వాళ్ల ఇంటి దగ్గరే. వీలున్నవాళ్లు రండి" అని ఉంది. పైకి జరుపుకుంటూ పోతే వారం పైబడిన వార్త కనిపించింది. ఆమె పోయింది. దాని కింద అందరూ చేతులు జోడించారు, నేను తప్ప.

నా మీద నాకే ఒళ్లు మండింది. ఎవరి పుణ్యాన నేను ఇవాళ చేతిలో సుద్దముక్క పట్టుకుని నాలుగు మెతుకులు తింటున్నానో ఆ మనిషి పోతే, వారం తర్వాత టీ గ్లాసు పట్టుకుని తెలుసుకున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఏముంటుంది?

ఆ గ్లాసు పక్కనే మా ప్రిన్సిపాల్ పంపిన కాగితం ఉంది. నేను మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. ప్రత్యుత్పత్తి పాఠం శుక్రవారం మొదలుపెట్టాలి. ఆ పాఠం మీద కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారట. కాబట్టి పిల్లలు దాన్ని ఇంటి దగ్గర చదువుకుంటారట, దాని బదులు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చి సంయమనం గురించి గంటసేపు మాట్లాడతారట. నేను చూసినట్టు సంతకం పెట్టి పంపాలి. పెన్ను తీశాను కూడా, అబద్ధం ఎందుకు? ఉద్యోగం ప్రైవేటుది. తీసిన పెన్ను మళ్లీ సంచిలో పెట్టి, ఒకరోజు సెలవు అడిగి నాయినకు ఫోన్ చేశాను.

"నాయినా, డబ్బా టీచర్ పోయిందట."

అవతల గొర్రెల మెడల్లో గంటలు వినిపించాయి.

"ఎప్పుడు పోతున్నవ్?" అన్నాడు.

"రేపు."

"నేనొస్త. బస్టాండ్ల ఉండు."

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. కోదాడ దాటాక అనంతగిరి వైపున్న మా ఊళ్లో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పిల్లలకు డబ్బా మేడమ్, పెద్దలకు డబ్బా టీచరమ్మ. ఈ సంగతి ఆమెకు తెలుసు. ఒకసారి ఎవరో ఆమె వెనకనే "డబ్బా వచ్చిందిరా" అంటే వెనక్కి తిరిగి, "వచ్చింది గానీ మూత ఊడింది, ఎవరన్న సుత్తె తెస్తరా?" అంది.

పొట్టి మనిషి. బోర్డు పై సగం ఆమెకు అందేది కాదు, కాబట్టి కింది సగమే వాడేది. పై సగంలో తెలుగు సారు జూన్‌లో రాసిన సూక్తి మార్చి దాకా చెరగకుండా ఉండేది. నల్లపూసల గొలుసుకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుండేవి. ఎవరి హుక్కు ఊడినా, ఎవరి లంగా చిరిగినా మాట్లాడకుండా ఒకటి తీసి చేతిలో పెట్టేది. తిరిగి ఇస్తే తీసుకునేది కాదు. రోజూ సూర్యాపేటలో బస్సెక్కి కోదాడలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో మా ఊరికి వచ్చేది. బస్సులో, ఆటోలో పేపర్లు దిద్దేది. అందుకే ఆమె వేసిన మార్కులు కొన్ని ఒక వరుసలో ఉండేవి, కొన్ని ఎటో ఎగిరిపోయినట్టు ఉండేవి. హైవే బాగున్నచోట దిద్దినవేవో, మా ఊరి రోడ్డు మీద దిద్దినవేవో మాకు చూడగానే తెలిసేది.

నవ్వును ఆపే పద్ధతి ఒకటి ఆమె దగ్గర ఉండేది. క్లాసులో కిసుక్కుమనే మాట ఏదైనా వస్తే కోప్పడేది కాదు. కుర్చీలో కూర్చుని చేతి గడియారం చూసుకునేది. "ఒక్క నిమిషం నవ్వుకోండి. టైం చూస్తున్న. నిమిషం అయిపోయినంక నవ్వితే ఊకోను" అనేది. చెప్పి నవ్వమంటే ఎవరు నవ్వగలరు? పది సెకన్లకే నవ్వు అయిపోయేది. మిగిలిన యాభై సెకన్లు అందరం బిక్కమొహాలు వేసుకుని కూర్చునేవాళ్లం. ఆమె మాత్రం నిమిషం నిండిందాకా లేచేది కాదు.

మా బడిలో అంతకుముందు ప్రత్యుత్పత్తి పాఠం ఎవరూ చెప్పలేదు. ఆ పేజీలు రాగానే "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని తర్వాతి పాఠానికి దాటేయడం ఆనవాయితీ. ఇంటి దగ్గర ఎవరు చదువుతారు? అమ్మ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటే, నాయిన ఎదురుగా బీడీ ముట్టించుకుంటుంటే ఆ బొమ్మ తెరిచి పెట్టుకుంటామా? పక్క ఊరి బడిలో ఒకసారి చెప్పారట గానీ మగపిల్లలను గ్రౌండుకు తోలి, తలుపు దగ్గరికి వేసి చెప్పారట. మా డబ్బా మేడమ్ తలుపులు కిటికీలు బార్లా తెరిచింది. గ్రౌండుకు పోదామని బ్యాట్లు చేతిలో పట్టుకుని రెడీగా ఉన్న మగపిల్లలను చూసి, "ఎవర్ని బయటికి పంపినా లోపలున్నోళ్లకు సగం పాఠమే అందుతది. బ్యాట్లు గోడకు పెట్టి కూసోండి" అంది.

పేరున్నదాన్ని పేరుతోనే పిలవాలన్నది ఆమె పట్టుదల. గర్భాశయం, అండాశయం, వృషణాలు అని హాజరు పిలిచినంత మామూలుగా చదివేది. మా చేత చదివించేది. మొదటిరోజు నోరు పెగల్లేదు. మూడోరోజుకు అవి మాటలైపోయాయి, అంతే. ఇంకో రోజు పాఠం పక్కన పెట్టి 'వద్దు' అని గట్టిగా అనడం నేర్పింది. ఒక్కొక్కరినీ లేపి అనిపించింది. "మీద చెయ్యేస్తే వద్దు అనాలె. అన్నంక ఒక పెద్దమనిషికి చెప్పాలె. ఆ పెద్దమనిషి నమ్మకపోతే ఇంకొకలికి చెప్పాలె. నమ్మేటోళ్లు దొరికిందాక చెప్పాలె" అంది. మగపిల్లల వైపు తిరిగి, "వద్దు అంటే వద్దు అనే అర్థం. ఇది పరీక్షల రాదు, అయినా రాసుకోండి" అంది. వాళ్లు తలలు వంచుకుని రాసుకున్నారు.

ఇక డబ్బా సంగతి. పాత బిస్కెట్ల రేకు డబ్బా అది. మూత మీద రంగు పోయి చిలక బొమ్మలో ముక్కు మాత్రం మిగిలింది. ఆ పాఠం నడిచినన్ని రోజులు డబ్బా బల్ల మీద ఉండేది. ప్రతి ఒక్కరం ఒక చీటీ రాసి అందులో వేయాలి. అడగాలని ఉండి అడగలేనిది ఏదైనా రాయొచ్చు. "ప్రశ్న లేనోళ్లు కూడ రాయాలె. ఏం రాయాల్నో తోచకపోతే ఇయ్యాల ఏం కూర తిన్నరో రాయండి. అందరు రాస్తేనే ఎవరు అడిగిన్రో ఎవరికీ తెల్వది. ఎడమచేత్తో రాయండి, మీ చేతిరాత నాకు బాగా ఎరుక" అనేది. డబ్బా ఊపి ఒక్కో చీటీ తీసి పైకి చదివేది. "దొండకాయ. దొండకాయ. పప్పుచారు. కోడిగుడ్డు, ఎవరో అదృష్టవంతులు. ముద్దు పెట్టుకుంటే కడుపొస్తదా? రాదు. ఎందుకు రాదో చెప్త, బోర్డు సూడండి. మళ్ల దొండకాయ. ఏందమ్మా, ఊరంతా దొండకాయేనా?"

దొండకాయ నవ్వులోనే ఆ ప్రశ్న కూడా వెళ్లిపోయేది. అడిగినవాళ్లకు సిగ్గు మిగలకుండా జవాబు మిగిలేది. ఇన్నేళ్ల తర్వాత నేను కూడా టీచర్నై చెబుతున్నాను కదా, అంత తెలివైన పని మరొకటి నేను చూడలేదు.

నా చీటీలో మాత్రం కూర పేరు లేదు.

మాది గొర్రెలు కాసే ఇల్లు. మా ఇళ్లల్లో ఒక కట్టడి ఉంది. ముట్టైన ఆడమనిషి గొర్రెల దొడ్డిలోకి పోకూడదు. పోతే సూడి గొర్రెలు ఈసుకుపోతాయంటారు, అంటే నెల నిండకుండానే పిల్లను వేసేస్తాయి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మొదటిసారి నెలసరి వచ్చింది. అమ్మ కూలికి పోయింది. ఏం జరిగిందో నాకు సగమే తెలుసు, భయం మాత్రం నిండా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నాయిన దొడ్డిలో నీళ్లు పోయమంటే పోయి పోశాను. అది జరిగిన పది రోజుల్లో ఒకదాని వెనక ఒకటి ఐదు గొర్రెలు ఈసుకుపోయాయి.

నాయిన అమ్మను అనుమానించాడు. "ముట్టు దాసిపెట్టి దొడ్డిల కాలు పెట్టినవ్" అన్నాడు. అమ్మ కాదని ఏడ్చి మొత్తుకుంది. నాయిన నమ్మలేదు. మంద దగ్గరికి రావద్దన్నాడు. అప్పటి నుంచి అమ్మ చేతి నీళ్లు తాగలేదు. కుండలో తనే ముంచుకుని తాగేవాడు. ఆ గొర్రెలను చంపింది నేనని, అమ్మ నా మూలంగా మాటలు పడుతోందని నాకు తెలుసు. రెండేళ్లు ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరిగాను. మా అమ్మ ముఖంలోకి సూటిగా చూసేదాన్ని కాదు.

ఆ రోజు ఎడమచేత్తో వంకరటింకరగా రాశాను: 'ముట్టైనప్పుడు దొడ్డిలకు పోతే సూడి గొర్లు ఈసుకపోతయా?'

మేడమ్ చీటీ పైకి చదివింది. క్లాసంతా గొల్లుమంది. ఆమె గడియారం చూడలేదు. మొదటిసారి నవ్వుకు నిమిషం ఇవ్వలేదు. "నవ్వకండి. ఇది మంచి ప్రశ్న. నాకు మనుషుల సంగతి తెల్సు గానీ గొర్ల సంగతి పూర్తిగ తెల్వదు. తెల్సుకొని చెప్త" అని చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. తెలియదని చెప్పిన టీచర్‌ను నేను అంతవరకు చూడలేదు.

కానీ ఆమె చెప్పేలోపే కొంప మునిగింది. రెండేళ్ల కింద గొర్రెలు ఈసుకుపోయింది ఊళ్లో ఒక్క మా ఇంట్లోనే. చీటీ మీద పేరెందుకు? సాయంత్రానికల్లా ఊరంతా పాకింది, నాయిన చెవిన పడింది. నాయిన కొట్టలేదు, తిట్టలేదు. గొంగడి దులిపి భుజాన వేసుకుంటూ, "ఇంటి ముచ్చట బడిల పెట్టుడు నేర్పుతున్నరా? ఇగ బడి బంద్. రేపటిసంది మందెంబడి రా" అన్నాడు. పరీక్షలకు మూడు నెలలుంది. నేను నాలుగు రోజులు మంద వెంట తిరిగాను. పుస్తకం తీసుకుపోతే నాయిన ఏమీ అనలేదు, కానీ దాంట్లో ఒక్క అక్షరం తలకెక్కలేదు.

ఐదోరోజు నాయిన నన్ను వెంటబెట్టుకుని టీసీ కోసం బడికి వచ్చాడు. మేం వెళ్లేసరికి హెడ్మాస్టర్ గదిలో పది పన్నెండు మంది తల్లిదండ్రులున్నారు. అందరూ ఆ పాఠం మీద ఫిర్యాదుకు వచ్చినవాళ్లే. డబ్బా మేడమ్ ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి తలూపింది.

హెడ్మాస్టర్ సారు చెడ్డవాడు కాదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. "మేడమ్, ఈ వయసుల పిల్లలకు ఇవన్నీ చెప్తే లేనిపోని ఆలోచనలొస్తయి. దూరంగా ఉండండి, చదువు మీద మనసు పెట్టండి అని చెప్తే చాలదా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయముంది.

"దూరంగా ఉండుమని నేనూ చెప్తున్న సార్" అంది మేడమ్. "తొందరపడకండి, ఆగండి అని రోజూ చెప్తున్న. ఎందుకు ఆగాల్నో చెప్పకుంట ఆగుమంటే అది పాఠం కాదు, బెదిరింపు. బెదిరింపు ఎన్ని రోజులుంటది?"

నాయిన ముందుకొచ్చాడు. "సారు, నాకు గియన్ని తెల్వయి. మా పిల్ల టీసీ ఇయ్యిన్రి."

మేడమ్ స్టూలు దిగింది. దిగితే నాయిన ఛాతీ దాకా వచ్చింది. "అన్నా, నాకు గొర్ల సంగతి ఒకటి చెప్పు. పొట్టేలును ఏడాది పొడుగు మందల్నే వదుల్తవా?"

నాయినకు గొర్రెల మాట వస్తే ఎంత కోపంలో ఉన్నా ఆగలేడు. "యాడ వదుల్తం? ఇడిగ కట్టేస్తం."

"ఎందుకు?"

"మందల పడుసు గొర్లుంటయి. ఒళ్లు నిండకముందే సూడి కడితే ఈనలేక సస్తయి. తల్లి దక్కదు, పిల్ల దక్కదు. కాలం జూసి వదలాలె." అని ఆగి, నలుగురి వైపు చూశాడు. తను గెలిచానని అతనికి తెలిసింది. "గదే నేను జెప్తున్న టీచరమ్మా. పిల్లల్ని గూడ ఇడిగ పెట్టాలె. ఇడిగ పెడితే సాలు, ముచ్చట్లు జెప్పుడెందుకు?"

గదిలో అందరూ అవునవునన్నారు. హెడ్మాస్టర్ సారు కూడా తలాడించాడు. ఇక నా పని ఖతం అనుకున్నాను.

మేడమ్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "గొర్రెకు చెప్తే సమజ్ కాదు. అందుకని కట్టేస్తున్నవ్. చెప్తే సమజ్ అయ్యేదైతే నువ్వు చెప్పేటోనివి కావా? నీ బిడ్డ గొర్రె కాదన్నా."

నాయిన కర్రను ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అయితే నా గొర్లు ఎందుకు ఈసుకపోయినయ్? గది జెప్పు" అన్నాడు.

ఆమె హ్యాండ్‌బ్యాగులో నుంచి ఒక కాగితం తీసింది. చీటీ చదివిన మర్నాడు కోదాడలో ఆటో ఎక్కకుండా పశువుల దవాఖానకు పోయి డాక్టర్‌ను అడిగి రాసుకొచ్చిందట. ఆ రోజు ఆలస్యంగా వచ్చిందని హాజరు పట్టీలో ఎర్ర గీత కూడా పడిందట. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. "ఇది అంటుకునే రోగమట. ఈసుకపోయిన గొర్రె మాయను, ఆ గడ్డిని మిగతా గొర్లు ముట్టుకుంటే వాటికి కూడ వస్తదట. ఎక్కువసార్లు బయటినుంచి తెచ్చిన గొర్రెతోని మందలకు వస్తదట. మనుషులక్కూడ అంటుతదట, వట్టి చేతుల్తోని తియ్యొద్దు. ఆడమనిషి ముట్టుతోని రాదు. ఆ యాడాది కొత్త గొర్లు ఏమన్న తెచ్చినవా అన్నా?"

నాయిన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అబద్ధం ఆడి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అతను ఆడలేదు.

"తెచ్చిన" అన్నాడు. "అంగట్ల సౌకగ వస్తున్నయని రెండు తెచ్చిన. అండ్లదే ఒకటి ముందుగాల ఈసుకపోయింది."

అప్పుడు నాకెక్కడి నుంచి వచ్చిందో ధైర్యం. "ఆ రోజు దొడ్డిలకు పోయింది అమ్మ కాదు నాయినా. నేను" అన్నాను.

నాయిన నా వైపు చూశాడు. తర్వాత హెడ్మాస్టర్ సారు వైపు తిరిగి, "టీసీ వద్దు సారు" అని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మేడమ్ నా దగ్గరికి వచ్చి, ఊడిపోయిన నా చున్నీకి ఒక పిన్నీసు పెట్టింది. "నాలుగు రోజుల నోట్సు ఉన్నది, రాసుకో పో" అంది.

ఆ సాయంత్రం నాయిన మంద తోలుకొచ్చి అరుగు మీద కూర్చుని అమ్మను పిలిచాడు. "నీళ్లు తే" అన్నాడు. అమ్మ చెంబు ఇచ్చి అక్కడే నిలబడింది. నాయిన చెంబెడు నీళ్లూ ఆపకుండా తాగాడు. క్షమించమని నోటితో అనడం మా ఇళ్లల్లో లేదు. అమ్మ లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. నేను కూడా పక్కన కూర్చుని ఏడ్చాను.

తర్వాత నాయిన ఊరుకున్నాడా? పాఠం అయిపోయినా మేడమ్ వారానికోసారి డబ్బా పెట్టేది, నాయిన దాని రుచి మరిగాడు. రాయడం రాదు కదా, నా చేత రాయించి పంపేవాడు. కవల పిల్లలు పొట్టేలు దిక్కు నుంచా, గొర్రె దిక్కు నుంచా? ఆడపిల్లా మగపిల్లా అన్నది తల్లి వల్లనా, తండ్రి వల్లనా? ఈ రెండోదానికి 'తండ్రి వల్లనే' అన్న జవాబు తెచ్చి చెప్పిన రోజు చాలాసేపు బీడీ తాగాడు, మేం ఇద్దరం ఆడపిల్లలమే కాబట్టి. నెల తిరక్కముందే ఆ సంగతిని తనే కనిపెట్టినట్టు చావడి దగ్గర నలుగురికీ చెబుతున్నాడు. అడిగేది లేనివారం, "దోసకాయ అని రాయి. టీచరమ్మ గట్లనే జెప్పింది గద" అనేవాడు. మేడమ్ ఆ చీటీ కూడా క్లాసులో పైకి చదివేది. "దోసకాయ. ఇది ఇంటి పెద్దమనిషి రాయించినట్టున్నది" అనేది. మా నాయిన కూర పేరు క్లాసులో వినపడితే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

హెడ్మాస్టర్ సారు ఆ పాఠాన్ని ఆపలేదు. మరుసటి వారం తలుపు దగ్గర నిలబడి సగం పీరియడ్ విన్నాడు. పోతూ పోతూ జేబులో నుంచి ఒక చీటీ తీసి డబ్బాలో వేశాడు. అందులో ఏమడిగాడో మేడమ్ ఎవరికీ చెప్పలేదు.

ఆమెను చివరిసారి కోదాడ బస్టాండ్‌లో చూశాను. అప్పటికి రిటైరైంది. నేను మిర్యాలగూడ బడిలో చేరి రెండేళ్లయింది. నా చేయి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. జీతమెంత, పెళ్లెప్పుడు అని అడగలేదు. "పాఠం చెప్తున్నవా?" అంది.

"చెప్తున్న మేడమ్."

"డబ్బా పెట్టినవా?"

"పెట్టిన" అన్నాను.

అబద్ధం. డబ్బా పెడితే చీటీలొస్తాయి, చీటీలొస్తే జవాబు చెప్పాలి, జవాబు చెబితే ఎవరో ఒకరి తండ్రి ప్రిన్సిపాల్ గదికి వస్తాడు. నేను ఆ పాఠాన్ని రెండు పీరియడ్లలో పరుగెత్తించి, బొమ్మల కింద పేర్లు రాయించి ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆమె నా ముఖంలోకి చూసి నవ్వింది. నమ్మిందో లేదో తెలియదు. బస్సు రాగానే లేచి, నల్లపూసల నుంచి ఒక పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది. నా బట్టలేవీ ఊడలేదు. అయినా పెట్టింది.

గురువారం నేను మిర్యాలగూడ నుంచి, నాయిన కోదాడ నుంచి సూర్యాపేట బస్టాండ్‌లో దిగాం. నాయిన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. "మందను ఎవరికి అప్పజెప్పినవ్?" అన్నాను. "ఎవరికేంది? మీ అమ్మ జూస్తది. నాకంటె బాగనే జూస్తది" అన్నాడు. ఆటోలో ప్రిన్సిపాల్ కాగితం గురించి చెప్పాను. విని, "మరేం జేస్తవ్?" అన్నాడు. నేను సంతకం పెట్టని ఆ కాగితాన్ని సంచిలో అడుక్కి తోశాను. అతను మళ్లీ అడగలేదు.

ఇంటి ముందు షామియానా వేశారు. లోపల కుర్చీలో ఆమె ఫోటో ఉంది. పక్కన స్టూలు మీద ఆ రేకు డబ్బా, చిలక ముక్కుతో సహా. కొన్ని తెల్ల కాగితాలు, ఒక పెన్ను కూడా ఉన్నాయి. ఆమె భర్త మా దగ్గరికి వచ్చి, "బీరువాల ఉండె. పారెయ్యబుద్ధి కాలె. దీన్ని ఏం జెయ్యాల్నో తెల్వక గీడ పెట్టిన. పొద్దటిసంది వచ్చినోళ్లందరు ఏదో ఒకటి రాసి ఏస్తున్నరు" అన్నాడు. వచ్చినవాళ్లలో నర్సులున్నారు, లారీ డ్రైవర్లున్నారు, ఒక ఎస్సై ఉంది. అందరూ ఎడమచేత్తోనే రాస్తున్నారు. ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

భోజనాలు చేసి చేతులు కడుక్కుని వచ్చాం. నాయిన స్టూలు దగ్గర నిలబడి ఒక కాగితం తీసి నాకిచ్చాడు.

"రాయి" అన్నాడు.

"ఏం రాయాలె నాయినా?"

ఫోటో వైపు చూశాడు. "వంకాయ అని రాయి. ఇయ్యాల తిన్నది గదే. నాకడిగేది ఇంకేం లేదు."

ఎడమచేత్తో వంకాయ అని రాసి ఇచ్చాను. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి తనే డబ్బాలో వేశాడు.

తర్వాత నేను ఇంకో కాగితం తీసుకున్నాను. పెన్ను కుడిచేతిలోకి మార్చుకున్నాను. 'రేపు మూడో పీరియడ్‌లో పాఠం చెబుతున్నాను మేడమ్. డబ్బా పెడుతున్నాను' అని రాసి, కింద నా పేరు, బడి పేరు పూర్తిగా రాశాను.